మా కాలనీలో ముసలి ఓక్ చెట్టు కొట్టేస్తామంటున్నారు. మీ ఊళ్ళో ఇలాంటప్పుడు ఏం చేశారు?

తులసికోట (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మా కాలనీలో పిల్లల పార్కు వెనక ఒక పెద్ద రెడ్ ఓక్ ఉంది. ఇళ్ళు కట్టకముందు ఇదంతా పొలం. గట్టు మీది చెట్టు కదా అని ఎవరూ ముట్టుకోలేదట, అలా మిగిలింది. మేమిద్దరం చెరోవైపు నిలబడి చేతులు చాపినా మొదలు అందదు. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలందరికీ సాయంత్రాలు అదే రచ్చబండ. ఎవరి మోకాళ్ళ నొప్పికి ఏ నూనె పనిచేసింది, ఎవరి మనవరాలు తెలుగు మాట్లాడటం లేదు, అన్నీ అక్కడే తేలతాయి. బతుకమ్మ కూడా ఆ చెట్టు పక్కనే పెట్టి ఆడతాం. మా అత్తగారు ఊరికి ఫోన్ చేసినప్పుడు "చెట్టు కింద ఉన్నా" అంటారు. ఏ చెట్టో అటువైపు వాళ్ళకి కూడా తెలుసు.

రెండేళ్ళుగా ఆగస్టు వచ్చేసరికి ఆకులు అంచుల నుంచి ఎండిపోతున్నాయి. దగ్గరగా చూస్తే ఆకు అంచంతా ముదురు గోధుమరంగు, నడిమి భాగం పచ్చగానే ఉంటుంది, ఆ రెంటికీ మధ్య సన్నటి పసుపు గీత. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) పిలిపించిన చెట్ల నిపుణుడు ఇది బాక్టీరియా జబ్బని, నయం చేసే మందు లేదని రాసిచ్చాడు. చలికాలం లోపు కొట్టేయాలని ప్రతిపాదన. వచ్చే నెల మీటింగులో ఓటింగు.

మాకు దగ్గర్లోనే బాస్కింగ్ రిడ్జ్ ఉంది. అక్కడ ప్రెస్బిటేరియన్ చర్చి సమాధుల మధ్య సుమారు 600 ఏళ్ళ వైట్ ఓక్ ఉండేది. 1740లో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే మతబోధకుడు దాని కింద మూడు వేల మందికి ప్రసంగం చేశాడని, జార్జ్ వాషింగ్టన్ ఆ నీడలోనే భోంచేశాడని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ళ సమాధులు దాని చుట్టూ ఉన్నాయి. 2016లో అది సరిగా చిగురించలేదు. 2017 ఏప్రిల్‌లో కొమ్మ కొమ్మగా కోసి దించారు, మూడు రోజులు పట్టింది. అయితే దాని కాయ నుంచి పెంచిన ఒక మొక్కను అంతకుముందే చర్చి ఆవరణలో నాటుకున్నారు.

మా చెట్టు అంత పేరున్నదేం కాదు. కానీ మాకు అదే పెద్ద. మీరుండే చోట్ల పాత ఓక్ చెట్లకి ముప్పు వచ్చినప్పుడు జనం ఏం చేశారో చెప్పండి. మీటింగుకి ఉత్త చేతులతో వెళ్ళాలని లేదు.

గోదారిగట్టు (ఆస్టిన్)

తులసి గారూ, మా ఊరి ట్రీటీ ఓక్ గురించి చెప్తాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

డౌన్‌టౌన్ పక్కనే బేలర్ వీధిలో ఉంటుంది. లైవ్ ఓక్ (ఏడాదంతా పచ్చగా ఉండే ఓక్ రకం), వయసు 500 ఏళ్ళ దాకా ఉంటుందని అంచనా. ఒకప్పుడు అక్కడ 14 చెట్ల గుంపు ఉండేదని, కమాంచీ, టాంకవా తెగలవాళ్ళు వాటిని పవిత్రంగా చూసుకునేవాళ్ళని చెప్తారు. ఊరు పెరిగిన కొద్దీ ఒక్కొక్కటీ పోయి చివరికి ఇదొక్కటే మిగిలింది. 1937లో నగరపాలక సంస్థ 1,000 డాలర్లిచ్చి ఆ స్థలం కొనేసింది. అలా కొన్నారు కాబట్టే ఇవాళ అక్కడ అపార్ట్‌మెంట్లు లేవు.

1989లో ఆకులు చచ్చిపోవడం మొదలైంది. పరీక్ష చేయిస్తే, ఎవరో కావాలని కలుపుమందు పోశారని తేలింది. వెల్పార్ అనే మందు, వంద చెట్లను చంపేంత పోశారట. అది మట్టిలో ఉండి వేళ్ళ గుండా పైకెక్కుతుంది. చెట్టు చచ్చిన ఆకులు రాల్చి కొత్తవి వేసుకుంటుంది, వాటిలోకీ విషమే వెళ్తుంది. అలా వేసుకుని వేసుకుని దాచుకున్న బలమంతా ఖర్చయిపోతుంది.

అప్పుడు ఊరు చేసిన పని చూడండి. వేళ్ళ చుట్టూ మట్టి తవ్వి తీసి కొత్త మట్టి పోశారు. ఎండ తగలకుండా తెరలు కట్టారు. ఊటనీళ్ళు తెచ్చి ఆకుల మీద తుంపరగా చల్లే ఏర్పాటు చేశారు. బలం కోసం చక్కెర నీళ్ళు ఎక్కించారు. రాస్ పెరో అనే కోటీశ్వరుడు ఎంతవుతుందో మీరే రాసుకోండని చెక్కు సంతకం చేసి ఇచ్చాడు. ఇక మామూలు జనం చెట్టు దగ్గరికి వచ్చి "తొందరగా కోలుకో" అని కార్డులు పెట్టి వెళ్ళారు. ఆసుపత్రిలో మనిషికి పెట్టినట్టే.

మూడింట రెండు వంతుల చెట్టు పోయింది. మిగతాది బతికింది. 1997లో మళ్ళీ కాయలు కాసింది. ఆ కాయల నుంచి పెంచిన మొక్కలు చాలా చోట్ల నాటారు. విషం పోసినవాడికి తొమ్మిదేళ్ళ జైలుశిక్ష పడింది.

మా అమ్మా నాన్నా వచ్చినప్పుడు తప్పకుండా తీసుకెళ్తాను. చెట్టు ఇప్పుడు అందంగా లేదు. ఒక వైపు గుబురుగా, ఇంకో వైపు బోసిగా ఉంటుంది. మా నాన్న ప్రదక్షిణ చేసినట్టు చుట్టూ తిరిగి "పక్షవాతం వచ్చి లేచినట్టుందిరా" అన్నారు.

రామప్ప (డల్లాస్)

గోదారిగట్టు గారి పోస్టు చదివి మనసు నిండింది. నాది ఒక చిన్న విన్నపం. ఆ చెట్టుకి ట్రీటీ అని పేరు రావడానికి కారణం, టెక్సాస్‌కి పితామహుడనే స్టీఫెన్ ఆస్టిన్ ఆ చెట్టు కింద తెగలతో సరిహద్దు ఒప్పందం చేసుకున్నాడన్న కథ. అలాంటి ఒప్పందం జరిగినట్టు రికార్డేమీ లేదు. అలాగే అమెరికాలో ఎక్కడ ముసలి చెట్టు కనిపించినా వాషింగ్టన్ దాని కింద భోంచేశాడంటారు.

నేను చెట్టు విలువ తగ్గించడం లేదు. కథ అబద్ధమని తేలిన రోజు చెట్టుకి ఉన్న గౌరవం కూడా పోతుందేమోనని నా భయం. తులసి గారూ, మీరు మీటింగులో చెప్పేది రుజువున్నదై ఉండాలి. పాత ఏరియల్ ఫొటోలు, భూమి రికార్డులు మీ కౌంటీ ఆఫీసులో అడిగి చూడండి. ఆ పొలం ఎవరిది, గట్టు ఎప్పటిది, చెట్టు ఏ ఫొటోలో మొదటిసారి కనిపించింది, ఇవి ఉంటే మీ మాటకు బరువొస్తుంది.

శ్రీవల్లి_ఎస్ (వర్జీనియా)

రామప్ప గారూ, రుజువున్న చెట్టు మా దగ్గర ఉంది. హాంప్టన్ యూనివర్సిటీ గేటు దగ్గర ఎమాన్సిపేషన్ ఓక్. ఇదీ లైవ్ ఓక్ జాతే. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. కొమ్మలు సుమారు వంద అడుగుల మేర పరుచుకుని కొన్ని నేలకు వంగి ఉంటాయి.

1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక, బానిసలుగా ఉన్న నల్లజాతి వాళ్ళు తప్పించుకుని పక్కనే ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోటకు వచ్చి తలదాచుకున్నారు. వాళ్ళకి చదువు చెప్పడం వర్జీనియాలో అంతకుముందు నుంచీ నేరం. మేరీ పీక్ అనే నల్లజాతి టీచరు ఆ చెట్టు కింద వాళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఆవిడకి అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు. క్షయతో మరుసటి సంవత్సరమే పోయింది. 1863లో బానిసత్వ విముక్తి ప్రకటనను అదే చెట్టు కింద జనానికి చదివి వినిపించారు. యూనివర్సిటీ 1868లో వచ్చింది. అంటే అక్కడ బడి గోడల కంటే చెట్టు నీడలో ముందు మొదలైంది.

నేను ఆ దారిలోనే డ్యూటీకి వెళ్తాను. ఎవరో ఒకరు వచ్చి కొమ్మ మీద చేయి వేసి నిలబడతారు. వాళ్ళని చూస్తే రికార్డు చదివి వచ్చారా, అమ్మమ్మ చెప్పగా విని వచ్చారా అని అడగాలనిపించదు. తులసి గారి చెట్టు కింద కూర్చున్న పెద్దవాళ్ళ మాటలు ఏ కౌంటీ ఆఫీసులోనూ దొరకవు కదా. వాటిని ఎవరు రాస్తారు?

మేడిపండు (జార్జియా)

నేను మా హెచ్‌ఓఏ బోర్డులో ఉన్నాను కాబట్టి రెండో వైపు కూడా చెప్తాను, ఏమనుకోకండి.

జబ్బు చెట్టని నిపుణుడు రాతపూర్వకంగా ఇచ్చాక బోర్డు చూస్తూ ఊరుకోవడం కష్టం. రేపు కొమ్మ విరిగి ఒక పిల్ల మీద పడితే, తెలిసి కూడా ఏం చేయలేదని కోర్టులో మొదట అడిగేది బోర్డునే. ఇన్సూరెన్సు వాళ్ళూ అదే కాగితం చూపిస్తారు. ఆ టెన్షన్ మీకు తెలియకపోవచ్చు. మీ చెట్టు ఉన్నది పిల్లల పార్కు పక్కన.

అందుకని "చెట్టును కొట్టొద్దు" అని మాత్రం అడగకండి. "కొట్టకుండా ప్రమాదం ఎలా తగ్గిస్తాం, దానికి ఎంతవుతుంది, ఎవరు చూసుకుంటారు" అని కాగితం తీసుకుని రండి. మా బోర్డు ముందుకు అలా ఎవరైనా వస్తే మేం వింటాం. ఏడ్చినవాళ్ళని చూసి బాధపడతాం గానీ ఓటు మారదు.

నల్లరేగడి (మేరీలాండ్)

మేడిపండు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఉద్యానశాఖ చదువు చదివి ఇక్కడ చెట్ల పనే చేస్తున్నాను, కాబట్టి ఆ కాగితంలో ఏం ఉండాలో చెప్తాను.

తులసి గారూ, మీరు రాసిన ఆ పసుపు గీత చూస్తే బాక్టీరియల్ లీఫ్ స్కార్చ్ లాగే ఉంది. మీ న్యూజెర్సీలో రెడ్ ఓక్, పిన్ ఓక్ చెట్లకి చాలా ఎక్కువ. జైలెల్లా అనే బాక్టీరియా, రసం పీల్చే చిన్న పురుగుల ద్వారా వస్తుంది. నీళ్ళు పైకి వెళ్ళే నాళాల్లో చేరి అడ్డుపడుతుంది, అందుకే ఆకు చివర ముందు ఎండుతుంది. నయం కాదన్న మాట నిజమే. కానీ నయం కాకపోవడం వేరు, ఈ చలికాలంలోనే పడిపోవడం వేరు. ఈ జబ్బు పట్టిన చెట్లు చాలా ఏళ్ళు నెమ్మదిగా క్షీణిస్తూ బతుకుతాయి. ల్యాబులో ఆకు పరీక్ష చేయించారా? లేకపోతే ముందు అది చేయించండి. కరువుకి కూడా ఆకులు ఇంచుమించు ఇలాగే మాడతాయి.

రెండోది, రిస్క్ అసెస్‌మెంటులో అర్హత ఉన్న వేరే ఆర్బరిస్టు (చెట్ల నిపుణుడు)తో ఇంకో రిపోర్టు రాయించండి. కొట్టే కాంట్రాక్టు ఎవరికి వస్తుందో వాళ్ళ చేతే రిపోర్టు రాయించకూడదు. చెట్టు ఎంత జబ్బుగా ఉందన్నది సగం లెక్కే. విరిగితే కింద ఏముందన్నది మిగతా సగం. చెట్టును కదపలేం, ఉయ్యాలను కదపొచ్చు. పార్కు పైకి వంగిన ఎండుకొమ్మలు తీయించి, ఉయ్యాల, బల్లలు కొమ్మల పరిధి దాటించి వేస్తే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కొమ్మలు తీసేది ఆకులు రాలాక, చలికాలంలో. టెక్సాస్ వాళ్ళకి కూడా చెప్తున్నా, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కోయకండి, ఆ కోతల వాసనకి పురుగులొచ్చి ఓక్ విల్ట్ అనే చెట్టును చంపే జబ్బు అంటిస్తాయి.

మా రాష్ట్రంలో వై ఓక్ అని వైట్ ఓక్ ఉండేది. మొదలు చుట్టుకొలత 31 అడుగుల పైమాటే. 1939లో మేరీలాండ్ ప్రభుత్వం ఆ ఒక్క చెట్టు కోసం స్థలం కొన్నది. 2002 జూన్ 6న గాలివానకి పడిపోయింది. అప్పటికి వయసు 460 ఏళ్ళ పైనే అని లెక్క. ఆ కలపతో గవర్నరుకి రాతబల్ల చేయించారు. అంతకంటే నాకు నచ్చింది, పడకముందే దాని కొమ్మల నుంచి అంట్లు కట్టి పెట్టుకోవడం. ఆ అంటుమొక్కలు మౌంట్ వెర్నన్‌లో ఉన్న వాషింగ్టన్ ఇంటి ఆవరణలో కూడా నాటారు. చెట్టు పడ్డాక పరుగెత్తితే అప్పటికి అంటుకి పనికొచ్చే కొమ్మ దొరకదు.

పాలమూరు_చిన్నోడు (హైదరాబాద్)

నేను ఓక్ చెట్టు కళ్ళతోని చూడలేదు. కానీ ఆస్టిన్ చెట్టుకు చక్కెర నీళ్ళు ఎక్కించిన్రని చదువుతుంటే మా పిల్లలమర్రి యాదికొచ్చింది.

మహబూబ్‌నగర్ పక్కన ఏడు వందల ఏండ్ల మర్రి అది, మూడెకరాల పైన పరుచుకున్నది. చిన్నప్పుడు బడి నుంచి పిక్నిక్ అంటే అక్కడికే. ఒక వైపు దర్గా, ఊడలన్నీ నేలకు దిగి అసలు మొదలు ఏదో తెలియదు. వచ్చినోళ్ళంతా కొమ్మలెక్కి ఊగేటోళ్ళు, మేము కూడా. 2017 డిసెంబర్‌ల పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడ్డది. చూస్తే లోపలంతా చెదలు. అధికారులు గేటు మూసి, 2018ల సెలైన్ సీసాలు వందల కొద్దీ కొమ్మలకు వేలాడదీసిన్రు. చెదలు చంపే మందు నీళ్ళల్ల కలిపి చుక్క చుక్కగా ఎక్కించిన్రు. బరువు మోయనీకి కింద దిమ్మెలు కట్టిన్రు. ఊడలు నేలకు అందేదాకా పైపులు తొడిగిన్రు. చాలా ఏండ్లు జనాన్ని లోపలికి రానీయలే. పిల్లలకు చూపిద్దామని పోయి కంచె బయటి నుంచే చూసి వచ్చినం. అప్పుడు బాధైంది గానీ, ఆ కంచె వల్లనే చెట్టు బతికింది.

రామప్ప అన్నా, రుజువు అంటున్నరు కదా. ఇక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణల చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చినప్పుడు 150 మంది దాకా ఆ చెట్టెక్కి పానాలు కాపాడుకున్నరు. ఇప్పటికీ ఆ రోజు వస్తే కొంతమంది దాని కిందికి పోయి వరదల పోయినోళ్ళను తలుచుకుంటరు.

వెన్నెలపాట (నాటింగ్‌హామ్)

ఆ కంచె మాట ఇక్కడ ఇంగ్లండులోనూ అదే. షేర్‌వుడ్ అడవిలో మేజర్ ఓక్ ఉంది. రాబిన్‌హుడ్ దాని తొర్రలో దాక్కున్నాడని పిల్లలందరికీ చెప్తారు. మేజర్ అన్న పేరు మాత్రం 1790లో దాని గురించి రాసిన మేజర్ హేమన్ రూక్ అనే ఆయన వల్ల వచ్చింది. మొదలు చుట్టుకొలత పది మీటర్ల పైన. వందేళ్ళకు పైగా దానికి గొలుసులు, ఊతకర్రలు పెడుతూనే ఉన్నారు.

దాన్ని బాగా దెబ్బతీసింది తుఫానులు కాదు, దాన్ని చూడటానికి వచ్చిన జనం కాళ్ళు. లక్షలమంది మొదలు దగ్గర నిలబడి ఫొటోలు దిగేసరికి మట్టి గట్టిపడి, వాన నీళ్ళు వేళ్ళకి దిగలేదు. 1970లలో కంచె కట్టాల్సి వచ్చింది.

తులసి గారూ, మీ పెద్దవాళ్ళ బల్లలు మొదలుకి ఆనుకునే ఉన్నాయా? బతుకమ్మ ఆట కూడా మొదలు చుట్టూనేనా? అడగడానికి బాధగానే ఉంది. కానీ కొన్నాళ్ళు కొంచెం ఎడంగా కూర్చుంటే చెట్టుకి ఊపిరాడుతుంది.

ఎర్రమట్టి_పోరడు (ఆబర్న్, అలబామా)

అందరికీ హాయ్. నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా. మా యూనివర్సిటీ మూల మీద టూమర్స్ ఓక్స్ అని రెండు చెట్లుండేవి. ఫుట్‌బాల్ గెలిచినప్పుడల్లా ఊరంతా వచ్చి వాటి మీదకి టాయిలెట్ పేపర్ చుట్టలు విసిరి తెల్లగా కప్పేయడం ఆనవాయితీ. 2010లో మేం మ్యాచ్ గెలిచామన్న కోపంతో అవతలి టీము అభిమాని ఒకడు రాత్రిపూట వచ్చి వేళ్ళకి విషం పోశాడు. రేడియో షోకి ఫోన్ చేసి వాడే చెప్పాడు కూడా. ఎంత ప్రయత్నించినా బతకలేదు. 2013 ఏప్రిల్‌లో కొట్టేశారు.

2015లో కొత్త చెట్లు తెచ్చి అదే మూల మీద నాటారు. మరుసటి ఏడాదే మ్యాచ్ రాత్రి ఒకతను పేపరుకి నిప్పంటించి ఒక చెట్టుని కాల్చేశాడు. మళ్ళీ నాటారు! పాత చెట్ల కాయల నుంచి పెంచిన మొక్కల్ని పక్కనే సామ్‌ఫర్డ్ పార్కులో వేశారు. నేను వచ్చేసరికి పాత చెట్లు లేవు. అయినా మొదటి మ్యాచ్ రోజు సీనియర్లు నా చేతిలో పేపర్ చుట్ట పెట్టి "విసురు" అన్నారు, విసిరాను. అప్పుడే ఈ ఊరివాణ్ణయ్యాననిపించింది.

తులసికోట (న్యూజెర్సీ)

ఎవరికని చెప్పను కృతజ్ఞతలు! అన్నీ ప్రింటు తీసి పెట్టుకున్నాను.

ఆకులు ల్యాబుకి పంపాం. జబ్బు అదేనని వచ్చింది, నల్లరేగడి గారు చెప్పినట్టే. వేరే ఆర్బరిస్టు వచ్చి మొదలంతా సుత్తితో తట్టి, సన్నటి సూది లాంటి పరికరంతో లోపల కలప గట్టిదనం చూశాడు. మొదలు బాగానే ఉందట. పార్కు వైపు రెండు పెద్ద కొమ్మలు మాత్రం తీయాల్సిందేనన్నాడు. రిపోర్టు బోర్డుకి ఇచ్చాం, మీటింగు ఇంకా ఉంది.

వెన్నెలపాట గారూ, బల్లలు మొదలుకి ఆనుకునే ఉన్నాయి. అక్కడ గడ్డి మొలవదు, మట్టి సిమెంటులా అయింది. మా అత్తగారికి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అందరినీ పిలిచి బల్లలు అవతలికి జరిపించారు.

శ్రీవల్లి గారూ, మీ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఈ కాలనీలో మొదట ఇల్లు కొన్న తెలుగువాళ్ళు ఇప్పుడు అరవైల్లో ఉన్నారు. వాళ్ళని కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఒక పెద్దాయన, అమెరికా వచ్చిన కొత్తలో ఉద్యోగం పోతే ఇంట్లో చెప్పలేక రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని ఈ చెట్టు కిందకొచ్చి సాయంత్రం దాకా కూర్చునేవాడట. ఆయన భార్య పక్కనే కూర్చుని వింటోంది. ఆవిడకీ అప్పుడే తెలిసింది.

ఇంకో ప్రశ్న. కాయలు రాలడం మొదలైంది. మొక్కలు పెంచాలంటే ఎలా? జబ్బు కాయల్లోకి వస్తుందా?

నల్లరేగడి (మేరీలాండ్)

జబ్బు పాకేది పురుగుల ద్వారా. అందుకని కాయలు ఏరుకోవడానికి భయపడక్కర్లేదు. అయితే రేపు ఆ మొక్కలు పెద్దయ్యాక వాటికీ ఆ పురుగుల బెడద ఉంటుంది. అందుకే అన్నీ ఒకే చోట వేయొద్దు.

మొదట రాలేవి చాలావరకు పుచ్చువి, వాటిని వదిలేయండి. తర్వాత రాలినవి, బరువుగా ఉన్నవి, టోపీ తేలిగ్గా ఊడొచ్చేవి ఏరండి. గుండుసూది అంత రంధ్రం కనిపిస్తే లోపల పురుగు ఉందన్నమాట. మిగిలినవి బకెట్ నీళ్ళలో వేయండి, తేలినవి తీసేయండి. ఎక్కడా ఆరబెట్టకండి. వేరుశనగలు ఆరబెట్టినట్టు ఎండలో వేశారంటే మొలక చచ్చిపోతుంది.

వైట్ ఓక్ కాయలైతే రాలిన కొద్ది రోజులకే వేరు తీస్తాయి, వెంటనే నాటాలి. మీది రెడ్ ఓక్. దాని కాయ పండటానికే రెండేళ్ళు పడుతుంది, ఆ తర్వాత చలి తగిలితేగాని మొలకెత్తదు. తడి ఇసుకలో కలిపి, జిప్ కవర్లో పెట్టి, మూతి కొంచెం తెరిచి, మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు. వసంతంలో లోతైన కుండీల్లో వేయండి. తల్లివేరు చాలా లోతుకి దిగుతుంది, చిన్న కుండీలో మెలితిరిగిపోతే చెట్టు జీవితాంతం బాధపడుతుంది. పైన జల్లెడ కప్పండి, లేకపోతే ఉడతలు ఒక్క రాత్రిలో ఖాళీ చేస్తాయి.

ఈ ఏడాది కాయలు బాగా కాశాయా? ఓక్‌లు అన్ని సంవత్సరాలూ కాయవు. ఒక ఏడు విరగకాసి తర్వాత రెండు మూడేళ్ళు అంతంతమాత్రమే. కాబట్టి ఇప్పుడే వీలైనన్ని ఏరండి.

రామప్ప (డల్లాస్)

తులసి గారూ, ఆ పెద్దాయన మాట చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. తేదీ, ఇంటి నంబరు, ఆ ఏడాది ఏ కంపెనీలో లేఆఫ్‌లు జరిగాయో కూడా ఆయన్ని అడిగి రాసి పెట్టండి, ఆయన ఒప్పుకుంటేనే. నేను అడుగుతున్న రికార్డు అదే.

కనెక్టికట్‌లోని హార్ట్‌ఫోర్డ్‌లో చార్టర్ ఓక్ ఉండేది. 1687లో ఇంగ్లండు రాజు మనుషులు కనెక్టికట్ హక్కుల పత్రాన్ని లాక్కోవడానికి వస్తే, దీపాలార్పేసి ఆ పత్రాన్ని ఈ చెట్టు తొర్రలో దాచారని చెప్తారు. 1856 ఆగస్టు 21న గాలివానకి పడిపోయినప్పుడు ఊళ్ళో గంటలు మోగించారు. ఆ కలపతో కుర్చీలు చేయించుకున్నారు, 1999లో పావు డాలరు నాణెం మీద దాని బొమ్మ వేశారు. దాచిన సంగతికి ఎన్ని సాక్ష్యాలున్నాయో తెలుసుకోవాలని నాకూ ఉంటుంది. కానీ చెట్టు పడిన రోజు ఊరు ఎలా ఉందో పత్రికల్లో ఉంది, దాన్ని ఎవరూ కాదనలేరు.

మేడిపండు (జార్జియా)

మీటింగు ఏమైంది? నాకే టెన్షన్‌గా ఉంది.

తులసికోట (న్యూజెర్సీ)

నిన్న రాత్రి అయింది. చెట్టు ఉంటుంది! పార్కు వైపు రెండు కొమ్మలు జనవరిలో తీస్తారు. ఉయ్యాల, జారుడుబల్ల అవతలి మూలకి మారుస్తారు, ఆ ఖర్చులో కొంత మేం ఇళ్ళవాళ్ళం వేసుకుంటున్నాం. మొదలు చుట్టూ చెక్కపొట్టు పరిచి చిన్న కంచె కడతారు. ఏటా ఆగస్టు తర్వాత మళ్ళీ తనిఖీ. పాడైందని రాస్తే అప్పుడు మేమూ అడ్డుచెప్పబోమని సంతకం పెట్టాం. అది పెట్టేటప్పుడు చేయి ఆడలేదు, కానీ మేడిపండు గారు చెప్పిన పిల్ల మాట గుర్తొచ్చింది.

కొట్టాలని ప్రతిపాదించినావిడే, ఆవిడ అమెరికన్, చివర్లో లేచి తన కొడుకు పెళ్ళి ఫొటోలు అక్కడే తీశారని చెప్పింది. ఆవిడ ఓటు మాకే పడింది.

కాయలు రెండు బకెట్లు ఏరాం. తేలినవి పోగా బకెట్‌కి పైగా మిగిలాయి. నాలుగిళ్ళ ఫ్రిజ్‌లలో కూరగాయల అరల్లో ఉన్నాయి.

పాలమూరు_చిన్నోడు (హైదరాబాద్)

అక్కా, చాలా సంతోషం! ఒక రెండు కాయలు మీ అత్తమ్మతోని పంపరాదే, మా దగ్గర వేసి చూస్త.

నల్లరేగడి (మేరీలాండ్)

తమ్ముడూ, అలా పంపకూడదు. నాటే విత్తనాలు ఇండియాకి తేవాలంటే దిగుమతి పర్మిట్, ఇక్కడి నుంచి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పైగా రెడ్ ఓక్‌కి చలి కావాలి, పాలమూరు ఎండకి నిలవదు. నువ్వు పిల్లలమర్రి ఊడ కొమ్మ ఒకటి అటవీశాఖ వాళ్ళనడిగి తెచ్చుకో, అది నీ దగ్గర హాయిగా బతుకుతుంది.

తులసి గారూ, వారానికోసారి కవరు తెరిచి ఇసుక తడి ఉందో లేదో చూడండి. బూజు కనిపిస్తే ఆ కాయ తీసేసి మిగతావి కడిగి మళ్ళీ పెట్టండి. మార్చి రెండో వారంలో కుండీల సంగతి మాట్లాడుకుందాం.